గోడవారి దారి

తెల్లవారకముందే ఆ ఇంట్లో పగలైపోయింది. ముందుగదిలో నిలబెట్టిన బ్యాటరీ సైకిలుకి కొత్త లైటు బిగించి, దానికి ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడి, తల ఓ పక్కకి వాల్చి చూస్తున్నాడు ఫొటోగ్రాఫరు.

"కళ్ళు పోయాయిరా నాయనా!" మూల మంచం మీదున్న అతని తల్లి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. "నీ పరీక్షలేవో వీధిలో పెట్టుకోకూడదూ?"

"ఒక్క నిమిషం అమ్మా... ఊహూఁ, ఇదీ లాభం లేదు. వెలుగు మరీ గరుకుగా ఉంది."

"గరుకేంటిరా? అదేమన్నా తువ్వాలా?"

వంటింట్లోంచి డబ్బా సంచిలో పెట్టుకుంటూ వచ్చిన అతని భార్య ఆ మాట విని కూడా నవ్వలేదు. నవ్వే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది. ఆమెది పెద్దాసుపత్రి లాండ్రీలో మొదటి షిఫ్టు. వీధిలో అందరికీ లాండ్రీ అక్క. చీకటితోనే బయల్దేరాలి. సైకిలుతో పాటు వచ్చిన లైటు వానకి తడిసి పాడైన రోజున, "దీని సంగతి నాకొదిలెయ్. నా బతుకంతా లైట్లతోనే" అని మొగుడు ఛాతీ విరుచుకుంటే నిజమే కదా అనుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు. అప్పట్నుంచీ అతను నచ్చకపోతే తిరిగిస్తానన్న ఒప్పందం మీద షాపు నుంచి లైట్లు తెస్తూనే ఉన్నాడు, తిరిగిస్తూనే ఉన్నాడు. ఒకటి మరీ పసుపు. ఒకటి గోడ మీద మరక వేస్తోంది. ఒకటి చూపుకి ఆనదు.

"తప్పుకోండి, టైమైంది" అంటూ కొత్త లైటు ఊడదీసి అతని చేతిలో పెట్టి, ఇంట్లోని టార్చిని జడ రబ్బర్లతో హ్యాండిలుకి కట్టుకుంది.

"ఇంకొక్క వారం ఓపిక పట్టు. తొందరపడి ఏదో ఒకటి కొనేస్తే ఎలా?"

"మీరు నెమ్మదిగా వెతకండి. ఈలోపు నేను తడుముకుంటూ వెళ్తా."

లాండ్రీకి రెండు దారులు. బడి మీదుగా వెళ్ళేది చుట్టు తిరుగుడు, పైగా ఆ వేళప్పుడు లారీల వరుస. సాయంత్రం బడి నుంచి కూతుర్ని తీసుకుని ఆ దారినే తిరిగొస్తుంది. పొద్దున మాత్రం గోదాముల గోడ పక్క నుంచి పోయే దారి. అక్కడ స్తంభాలున్నాయి కానీ దీపాలు లేవు. దానికి తోడు వానలు పట్టేముందు పైపులకని తవ్వి వదిలేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ రోజు కంకర కుప్ప దగ్గర సైకిలు ఎగిరేసరికి జడ రబ్బరు తెగింది. టార్చి ఆకాశంకేసి తిరిగింది. ఆ ఒక్క క్షణం చాలు, ఆమె నేల మీదుంది. కుడి అరచెయ్యి చెక్కుకుపోయింది.

లాండ్రీకి చేరేసరికి ఆపరేషన్ థియేటరు నర్సు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొదటి ఉతికే డ్రమ్ములో వేయాల్సిన ఆకుపచ్చ దుప్పట్లు ఇంకా మూటల్లోనే ఉన్నాయి. అవి ఉతికి, ఆరి, ఇస్త్రీ అయి వెళ్ళేదాకా థియేటర్లో కత్తి కదలదు.

మేనేజరు అరవలేదు. అరిచినా బాగుండేది. "సోమవారం నుంచి మొదటి షిఫ్టు నీ చేతికి ఇద్దామని ఆసుపత్రి పెద్దాయన చెప్పాడమ్మా" అంది. "ఎవరు ఏ డ్రమ్ము నడపాలో చెప్పాల్సిన మనిషే చివర్లో వస్తే నేనేం చెప్పుకోను? సోమవారం టైముకొస్తే ఆ పని నీది. లేకపోతే మధ్యాహ్నం షిఫ్టుకి మారు."

చేతికి పట్టీ వేసుకుని ఆమె పనిలో పడింది. పడ్డానని చెప్పలేదు.

పిల్లని తీసుకుని ఇల్లు చేరేసరికి మొగుడు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "దొరికింది!" అన్నాడు. "ఇలా వచ్చి సైకిలు పక్కన నిలబడు."

కాళ్ళు లాగుతున్నా నిలబడింది. వద్దనడానికి కూడా ఓపిక కావాలి కదా. అతను తలుపులు మూసి, తెర లాగి, స్విచ్చి నొక్కాడు. పళ్ళెమంత గుండ్రటి లైటు. ముందు పాలరంగు మూత. మెత్తటి వెలుగు గదంతా నిండింది. అతను ఫోనుతో ఫొటో తీసి ఆమె ముందు పెట్టాడు. "చూడు, ముఖం మీద ఒక్క నీడ లేదు! వీధి చివర్నుంచైనా నువ్వు కనిపిస్తావు."

ఫొటోలో ఆమె బాగానే ఉంది. అరచేతి పట్టీ కూడా స్పష్టంగా ఉంది. తీసినవాడికే అది కనిపించలేదు. అరికాలి మంట ఆమె నెత్తికెక్కింది.

"నేనేమన్నా పెళ్ళికూతుర్నా, ఫొటోకి నిలబడ్డానికి?"

"అదేంటి? ఇంత తిరిగి మంచి లైటు తెస్తే..."

"ఎవరికి మంచిది? నేను దాని వెనకాల కూర్చుంటానండీ, ఎదురుగా కాదు. ఇన్నాళ్ళలో ఒక్కసారన్నా ఆ సీటు మీద కూర్చుని చూశారా? నా దారి ఎలా ఉంటుందని అడిగారా?"

"లైట్ల గురించి నువ్వు నాకు చెప్పకు."

"చెప్పను. చెప్పి చెప్పి నోరు నొప్పి. అసలు మీకు లైటు దొరకడమే ఇష్టం లేదు. దొరక్కపోతే విసిగి నేనే మానేస్తానని చూస్తున్నారు."

అతను లైటు మూతని చొక్కా అంచుతో తుడవసాగాడు. ఆమెకి అదే జవాబులా అనిపించింది. "మానేస్తే తప్పేముంది?" అన్నాడు. "చీకట్లో ఒక్కదానివీ... మధ్యాహ్నం షిఫ్టు అడగొచ్చుగా."

"మధ్యాహ్నం షిఫ్టంటే నేనొచ్చేసరికి పిల్ల నిద్రపోయి ఉంటుంది. ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళు చెప్పిన మూటలు మోశాను, చెప్పిన దుప్పట్లు ఉతికాను. ఏది ముందు ఉతకాలో నేను చెప్పే రోజొచ్చింది. సోమవారం టైముకి వెళ్ళకపోతే అది పోతుంది. మీరు మాత్రం వెలుగు మెత్తగా ఉందా గరుకుగా ఉందా అని చూసుకుంటూ కూర్చున్నారు!" ఏడవకూడదనుకుంది కానీ ఏడ్చింది.

మూల మంచం మీంచి పెద్దావిడ లేచి కూర్చుంది. "ఒరేయ్, ఒడ్డున కూర్చుని ఈత నేర్పినట్టుంది నీ వరస." కొడుకు తల దించుకోగానే కోడలి వైపు తిరిగింది. "నువ్వేం తక్కువ దానివి కాదమ్మాయ్. ఆ చేతికి దెబ్బ ఎక్కడ తగిలింది? ఇంటికొచ్చి చెప్పాలా వద్దా? ఫొటోలు చూసి తెలుసుకోవాలా మేము?"

అప్పుడు చూశాడు అతను ఆ పట్టీని. చెయ్యి పట్టుకోబోతే ఆమె వెనక్కి లాక్కుంది.

మర్నాడు ఆదివారం. సెలవైనా అలవాటు కొద్దీ చీకటితోనే మెలకువ వచ్చింది. పక్కన మొగుడు లేడు. ముందుగదిలో సైకిలూ లేదు.

"అత్తయ్యా, సైకిలేదీ? దాచేశారా? అమ్మేశారా?"

"వాడికంత తెలివుంటే మనకీ తిప్పలెందుకు?" అంటూనే పెద్దావిడ కూడా చెప్పులేసుకుని వీధిలోకొచ్చింది. ఫోను చేస్తే అతనిది ఇంట్లోనే మోగింది. ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. మొదట ఆమెకి కోపంగానే ఉంది. ఎంతకీ రాకపోయేసరికి ఆ కోపం గుబులైంది. రోజూ తను వెళ్ళాక ఇంట్లోవాళ్ళ పని ఇదేనా అనిపించింది మొదటిసారి.

తూరుపు తెల్లబడుతుండగా వచ్చాడు, సైకిలు నడిపించుకుంటూ. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. పాలరంగు మూత నిలువునా చీలింది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది.

"గోడవారి దారిలో వెళ్ళా" అన్నాడు.

"ఎంతవరకు?"

"సగం. కంకర దాటలేకపోయా." గేటు పట్టుకుని నిలబడ్డాడు. "పొగలోకి వెళ్ళినట్టుంది. నా చేతులూ హ్యాండిలూ తప్ప ఏమీ కనిపించలేదు. ఎదురొచ్చినాయన కళ్ళలోకి కొడుతోందని తిట్టిపోశాడు. పక్కకి తీశా, పడ్డా. రోజూ ఎలా వెళ్తున్నావు ఆ దారిలో?"

"నెమ్మదిగా. భయమేసిన చోట దిగి నడిపిస్తా. ఆలస్యం అందుకే."

"నీకు భయమేస్తుందా?"

"వెయ్యదా మరి?"

"ఒక్కసారన్నా చెప్పలేదే!"

"చెబితే మాన్పిస్తారని."

అతను చీలిన మూత ఊడదీశాడు. "నేను అడగనిదీ అందుకే. భయమేస్తోందని నువ్వంటే వెళ్ళనివ్వలేను. వెళ్ళద్దంటే నువ్వు వినవు. కనీసం దూరం నుంచే అందరికీ కనిపిస్తే నిన్నెవరూ గుద్దరు కదా అనుకున్నా. నా బుర్ర అక్కడే ఆగిపోయింది."

ఆ మాటకి ఆమె కళ్ళు తడిశాయి. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. పోతుందా అంత తొందరగా? మోచేతికి మందు రాస్తూ కాస్త గట్టిగానే ఒత్తింది. అతను "అబ్బా" అన్నాడు కానీ చెయ్యి తియ్యలేదు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు. "నీకెలాంటిది కావాలి?"

ఎన్నాళ్ళుగానో నాలుక చివర పెట్టుకున్న జవాబు. ఒక్క గుక్కలో చెప్పింది. బ్రేకు వేస్తే ఆగేంత ముందుగా రోడ్డు కనిపించాలి. ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడకూడదు. సైకిలు బ్యాటరీ మీదే వెలగాలి, మళ్ళీ దానికో ఛార్జింగు పెట్టే తీరిక తనకి లేదు. తడి చేత్తో నొక్కినా స్విచ్చి పలకాలి.

చీకటి పడ్డాక సైకిలు తీసుకుని ఇద్దరూ షాపుకి వెళ్ళారు. షాపతను అలవాటు ప్రకారం డబ్బాలన్నీ ఫొటోగ్రాఫరు ముందు పరిచి, "ఈసారన్నా ఉంచుకుంటారా సార్?" అన్నాడు.

"నన్నడక్కండి. తొక్కేది ఆవిడ."

ఆమె ఒక్కో లైటూ పెట్టించుకుని షాపు వెనక సందులో తొక్కి చూసింది. మొదటిది వెలుగంతా చెట్ల మీదికి పోసింది. రెండోది ముందు చక్రం దగ్గరే ఆగిపోయింది. మూడోదాని వెలుగు పైన కత్తితో కోసినట్టు ఆగి, కింద రోడ్డు మీద దూరం దాకా పరుచుకుంది. షాపతను దాన్ని ఇంకాస్త కిందికి వంచి బిగించాడు. సందు చివరి గులకరాయి కూడా ముందే కనిపించింది. అది చూసేందుకు అందంగా ఏమీ లేదు. ఎదురుగా నిలబడ్డ మొగుడు తల ఓ పక్కకి వాల్చి, "కాస్త..." అని మొదలుపెట్టి, ఆమె చూపు చూసి నోరు మూసుకున్నాడు.

"ఇదే" అంది ఆమె.

సోమవారం చీకటితోనే బయల్దేరింది. గోడ మలుపు తిరగ్గానే దారి మొత్తం ఆమె ముందుకొచ్చింది. కంకర కుప్ప ఎక్కడుందో, ఎక్కడ తప్పుకోవాలో తెలుస్తోంది. సైకిలు వేగం అందుకుంది. కుప్ప దాటాక దారి ఎడమకి వంగింది. అక్కడ గట్టిగా బ్రేకు వేసి ఆగిపోయింది.

ఎడమ పక్కన ఉన్నది పిల్ల కాలువ అనుకుందామె ఇన్నాళ్ళూ. కాదు. మనిషి లోతు గొయ్యి. అడుగున సిమెంటులోంచి ఇనుప చువ్వలు నిలువుగా పైకి లేచి ఉన్నాయి. గట్టు మెత్తటి మట్టి మీద టైరు అచ్చులు. ఆ దారిన అలాంటి సన్నటి టైరుతో వెళ్ళేది తనే. అంచుకీ అచ్చుకీ మధ్య జానెడు కూడా లేదు.

సైకిలు స్టాండు వేసి రోడ్డు మీదే కూర్చుండిపోయింది. చేతకానివాడి చాదస్తం అనుకుని రెండు నెలలుగా తను విసుక్కున్న మనిషి భయం ఉత్తిది కాదు. చూడకుండానే భయపడ్డాడు. చూడకుండానే తను ధైర్యంగా ఉంది. ఏడుపొచ్చింది. ఇంటికి ఫోను చేసింది.

"పడ్డావా?" అన్నాడు ఎత్తగానే.

"లేదండీ. కనిపించింది." గొయ్యి సంగతి, చువ్వల సంగతి, టైరు అచ్చుల సంగతి చెప్పింది. "వెనక్కి వచ్చెయ్ అనండి. వచ్చేస్తా. ఈసారి ఏమీ అననులెండి" అంది. మనస్ఫూర్తిగానే అంది.

అతనికి చాలాసేపు పట్టింది. "వద్దు" అన్నాడు చివరికి. "ఇప్పుడు కనిపిస్తోందిగా. కుడి వారగా వెళ్ళు. పగలు నేనెళ్ళి ఆ గొయ్యి ఫొటోలు తీసి, తవ్వినవాళ్ళ బల్ల మీద పడేసి వస్తా. కప్పేదాకా వదలను. నువ్వు వెళ్ళు, ఆలస్యమవుతుంది."

ఆమె కళ్ళు తుడుచుకుని సైకిలెక్కింది. ఫోను కట్టెయ్యకుండా అలాగే జేబులో పెట్టుకుంది. గోడ పొడుగునా ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు. ఆసుపత్రి గేటు కనిపించాక, "దాటేశానండీ" అంది.

"ఊఁ" అన్నాడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. వెనకాల పెద్దావిడ గొంతు, "దాటిందట్రా? ఇంకెందుకురా ఏడుస్తావు, లే" అంటోంది.

లాండ్రీకి ఇంకా ఎవరూ రాలేదు. ఆమె ఆకుపచ్చ దుప్పట్ల మూట విప్పి మొదటి డ్రమ్ములో వేసి, తలుపు బిగించి, మీట తిప్పింది.