రమేశ్ రాసిన తేదీ

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. సిద్దిపేటలో ఆ వేళకు రోడ్డెక్కేది రెండు రకాల మనుషులే: పెళ్ళి పత్రికలు పంచేవాళ్ళు, ఏసీ మెకానిక్కులు. మల్లేశ్ రెండో రకం. స్కూటీ ముందు గ్యాస్ సిలిండర్, వెనక పనిముట్ల సంచి, తలకు తడి తువ్వాలు. ఊరంతా ఉడికిపోతుంటే మెకానిక్కు మొహం వెలిగిపోవాలి. సీజనంటే అదే కదా! మల్లేశ్ మొహం మాత్రం మాడిపోయి ఉంది.

ఎందుకంటే ఆ పని అతన్ని వెతుక్కుంటూ రాలేదు. రమేశ్‌ను వెతుక్కుంటూ వచ్చింది. రమేశ్ పోయి పది నెలలైంది.

ఇద్దరూ ఉస్తాద్ బుచ్చయ్య దగ్గరే పని నేర్చుకున్నారు. ఒకే నిచ్చెన ఎక్కారు, ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. పని మాత్రం రమేశ్‌కే పట్టుబడింది. ఏసీ డబ్బాకు చెవి ఆనించి, రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, "గ్యాసు కాదమ్మా, కెపాసిటర్ పోయింది" అనేవాడు. విప్పి చూస్తే అదే. మల్లేశ్ మీటరు పెట్టి, గేజీ పెట్టి, గంటసేపు చెమటోడ్చి అదే మాట చెప్పేవాడు. జనానికి ఎవరు గుర్తుంటారు? పోయిన వానాకాలం కొండపాక నుంచి వస్తుంటే బండి జారి రమేశ్ చనిపోయాడు. మల్లేశ్ పాడె మోశాడు, ఏడ్చాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఇంటికొచ్చి స్నానం చేస్తూ 'ఇక ఊరంతా నాదే' అనుకున్నదీ అబద్ధం కాదు.

కానీ ఊరు అతనిది కాలేదు. రమేశ్ భార్య సుచిత్ర మొగుడి ఫోనుకు రోజూ చార్జింగ్ పెట్టేది. ఎవరైనా చేస్తే, "ఆయన లేడు, కాలం చేసిండు. మల్లేశన్నను పంపుత" అనేది. పనికి ఇంతని మల్లేశ్ ఆమెకిచ్చేవాడు. ఆమె, కూతురు వర్షిత దానిమీదే బతుకుతున్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. బాగా లేనిదల్లా, మల్లేశ్ ఏ ఇంటి మెట్లెక్కినా "అయ్యో, రమేశ్! ఆ చెయ్యే వేరు" అన్న మాట ఎదురు రావడం. బతికున్నవాడితో పోటీ పడొచ్చు. చచ్చినవాడితో ఎట్లా పడతాం? వాడు ఇక తప్పు చేయడు కదా.

ఈ పనివాళ్ళకు ఒక అలవాటుంది. బయట బిగించే పెద్ద డబ్బాకు పక్కన ఒక రేకు మూత ఉంటుంది. పని అయ్యాక ఆ మూత లోపలివైపు మార్కరుతో పేరు, ఫోన్ నంబరు, తేదీ రాస్తారు. మళ్ళీ చెడిపోతే ఇంటివాళ్ళు మూత తీసి ఆ నంబరుకే చేస్తారు. తర్వాత వేరేవాడు వస్తే, వాడు తన పేరు కింద రాసుకోవాలి. పై పేరు జోలికి పోకూడదు. "పేరు తుడుసుడంటే మనిషి కూట్ల మన్ను పోసుడేరా" అనేవాడు ఉస్తాద్. అందరూ రాసేది పని చేసిన తేదీ. రమేశ్ రాసేది మళ్ళీ వచ్చే తేదీ. ఆ రోజు ఎవరూ పిలవకపోయినా వచ్చి గుమ్మం ముందు నిలబడేవాడు. మల్లేశ్‌కు అన్నిటికన్నా ఎక్కువ కడుపుమంట ఆ తేదీ చూస్తేనే.

అందుకే తుడిచాడు. సంచిలో థిన్నర్ సీసా, గుడ్డపేలిక పెట్టుకుని, పది నెలల్లో నలభై ఇళ్ళలో తుడిచాడు. ఇటు నంగునూరు దాకా, అటు కొండపాక దాకా. తుడిచిన చోట, అదే జాగాలో, తన పేరు పెద్దగా రాసుకున్నాడు.

ఈ పొద్దున సుచిత్ర ఫోన్ చేసింది. "అన్నా, స్వరాజ్యలక్ష్మి టీచరమ్మ ఇంట్ల ఏసీ చల్లగైతలేదట. ఈ నెలల గిదే మొదటి ఫోను. గింత ఎండలల్ల గూడ ఎవ్వలు చేస్తలేరు. ఆయనను అందరు మర్శిపోయిన్రా అన్నా?"

"లోకం గంతేనమ్మా" అన్నాడు మల్లేశ్. అంత మాట అనగలిగినందుకు తనకే సిగ్గేసింది. ఆ సిగ్గు స్కూటీ స్టార్టు చేసేదాకానే ఉంది.

టీచరమ్మ రిటైరై ఒంటరిగా ఉంటుంది. తలుపు తీసి, చల్లటి మజ్జిగ ఇచ్చి, అనుకున్నట్టే మొదలుపెట్టింది.

"రమేశ్ మంచి పిలగాడుండె. పోయినేడు పని చేసి, 'మళ్ళ మే పద్నాలుగున వస్త టీచరమ్మా' అన్నడు. ఇయ్యాల్నే గదా పద్నాలుగు. పొద్దుగాల లేస్తనే యాదికొచ్చిండు."

"నేనొచ్చిన గదమ్మా" అన్నాడు మల్లేశ్. మజ్జిగ గొంతులో పుల్లగా దిగింది.

పడకగదికి మందమైన కర్టెన్లు. లోపల చీకటి, ముక్కిన వాసన. ఏసీ నడుస్తోంది కానీ వస్తున్నది వట్టి గాలి. ఫిల్టరు తీసి చూశాడు, శుభ్రంగానే ఉంది. నీళ్ళు కారడం లేదు. అంటే రోగం లోపల లేదు, బయట డబ్బాలో ఉంది. హాల్లోకి వచ్చి గోడ మీది మెయిన్ స్విచ్ తనే కిందికి దించాడు.

"టీచరమ్మా, నేను చెప్పేదాక దీన్ని ముట్టకున్రి."

"నాకేం పని బిడ్డా, గీడనే కూసుంట" అని ఆమె స్విచ్ కిందే కుర్చీ వేసుకుంది.

బయట డబ్బా ఇంటి వెనక సందులో ఉంది. ఇటు ఈ ఇంటి గోడ, అటు పక్కింటి గోడ, మధ్య మూడడుగులు. పైన రేకులు కప్పేశారు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడికి వెలుతురు రాదు. పావురాల రెట్ట వాసన, నాచు వాసన, ఎప్పటిదో నిలవ తేమ. గాలి ఒక్క పిసరు కూడా కదలడం లేదు. మల్లేశ్ సెల్‌ఫోన్ లైటు గోడ సందున ఇరికించి, నాలుగు స్క్రూలు విప్పి, మూత తిప్పి చూశాడు.

రమేశ్. నంబరు. కింద, మే 14.

గుండ్రటి అక్షరాలు, బడిపిల్లవాడు రాసినట్టు. మల్లేశ్ పళ్ళు కొరికాడు. థిన్నర్ గుడ్డ తీసి గట్టిగా రుద్దాడు. రేకు తెల్లగా తేలింది. మూత గోడకు ఆనించి డబ్బాలో తలపెట్టాడు. కెపాసిటర్ ఉబ్బి ఉంది. రమేశైతే చెవి పెట్టి చెప్పేసేవాడన్న ఆలోచన వచ్చింది. దాన్ని తిట్టుకుంటూ పాతది పీకి, కొత్తది బిగించాడు. జేబులోంచి మార్కరు తీసి, తన పేరు రాద్దామని మూత చేతిలోకి తీసుకున్నాడు.

రమేశ్. నంబరు. మే 14.

సరిగా తుడవలేదేమో అనుకున్నాడు. వేలితో ముట్టాడు. వేలికి నల్లగా అంటింది. సిరా ఇంకా తడిగా ఉంది.

మల్లేశ్ సందు రెండువైపులా చూశాడు. ఎవరూ లేరు. పావురాలు కూడా లేవు. అప్పుడు గమనించాడు, వచ్చినప్పటినుంచి ఒక్క పావురం కూడా కువకువలాడలేదు.

మళ్ళీ తుడిచాడు. ఈసారి గుడ్డ తడిసి కారేంత థిన్నర్ పోసి తుడిచాడు. కన్ను తిప్పకుండా చూస్తూ నిలబడ్డాడు. రేకు తెల్లగానే ఉంది. హమ్మయ్య అనుకుని ఊపిరి వదిలాడు. వదిలిన ఊపిరి పొగలా కనబడింది...

మే నెలలో.

డబ్బాలో ఫ్యాను కదిలింది. ఒక రెక్క... ఆగింది. ఇంకో రెక్క... ఆగింది. మెయిన్ దించింది తనే. దాని కింద టీచరమ్మ కూర్చుంది.

"టీచరమ్మా! స్విచ్ ముట్టిన్రా?"

"లేదు బిడ్డా!" లోపలినుంచి గొంతు. "గిక్కడ ఫ్యాను గూడ బందే ఉన్నది!"

ఫ్యాను తిరుగుతూనే ఉంది, నెమ్మదిగా, ఎవరో వేలితో తిప్పుతున్నట్టు. రాగి గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుంటోంది. గొట్టం వెంట అది పైకి పాకుతోంది. థిన్నర్ వాసనలో ఇంకో వాసన కలిసింది. బీడీ, చెమట, వానలో తడిసిన చొక్కా. అంత్యక్రియల రోజు ముక్కుకు తగిలిన వాసన అది.

చెవి పక్కన, చాలా దగ్గరగా...

"మల్లిగా..."

ఆ పిలుపు ఈ లోకంలో ఒక్కడిదే.

"...కింద జాగ ఉన్నది గదరా. కింద రాస్కో."

ఇంకెవడైనా అయితే అక్కడే మూత పడేసి ఉరికేవాడు. మల్లేశ్ ఉరకలేదు. భయం లేక కాదు. కానీ భయం కింద పదేళ్ళ కుళ్ళు ఉంది. అది భయం కన్నా పాతది.

"సచ్చినంక గూడ పైననే ఉంటవారా నువ్వు?" గుసగుసగా అరిచాడు. "సచ్చినంక గూడ నేను నీ కిందనేనా?"

మూత తిప్పాడు. పేరు మళ్ళీ వచ్చి ఉంది. స్క్రూడ్రైవర్ తీసి, ఆ పేరు మీద బలంకొద్దీ గీకాడు. పెయింటు పొట్టులా లేచింది. ర పోయింది. మే పోయింది. శ్ పోయింది. తేదీ కూడా గీకాడు. రేకు కేకపెట్టినట్టు కీచుమంటోంది. గీకుతుంటే వీపు మీద, రెండు భుజాల మధ్య, చల్లగా ఏదో కదిలింది. చెమట అనుకున్నాడు. చెమట పైనుంచి కిందికి జారుతుంది. ఇది ఎడమనుంచి కుడికి పోతోంది... మళ్ళీ ఎడమకు వచ్చి... మళ్ళీ కుడికి.

తిరిగి చూశాడు. వెనక గోడ. గోడకూ తనకూ మధ్య మనిషి పట్టేంత చోటు కూడా లేదు.

ఫ్యాను ఆగిపోయింది.

మూత ఎట్లా బిగించాడో, సంచి ఎట్లా సర్దుకున్నాడో తెలియదు. హాల్లోకి వచ్చి మెయిన్ ఎత్తాడు. పడకగదిలోంచి చల్లటి గాలి జల్లున కొట్టింది. టీచరమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుంది.

"అబ్బ! అచ్చం రమేశ్ చేసినట్టే ఉన్నది" అంది.

ఇచ్చిన డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో కుక్కుకుని మల్లేశ్ బయటపడ్డాడు.

రోడ్డు మీద ఎండ అలాగే ఉంది. ఆ ఎండను చూస్తే ప్రాణం లేచొచ్చింది. 'ఎండదెబ్బ. థిన్నర్ ఘాటు తలకెక్కింది' అని తనకు తను సర్దిచెప్పుకున్నాడు. టీ కొట్టు దగ్గర బండాపి, రెండు టీలు తాగాడు. అప్పుడు ఫోను మోగింది. సుచిత్ర.

"అన్నా!" గొంతులో ఏడుపో సంతోషమో తెలియడం లేదు. "నీ కాల్మొక్త అన్నా. మూడు గొట్టినప్పటి సంది ఫోను ఆగుతలేదు. ఇర్వై మంది చేసిన్రు. నంగునూరు నుంచి గూడ చేసిన్రు. ఏసీ మూత తీస్తే ఆయన పేరు, నంబరు కనబడుతున్నయట. నువ్వే కదన్నా తిరిగి తిరిగి రాస్తున్నవ్?"

మల్లేశ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనా?"

"మరెవ్వలన్నా? ఒక్కొక్క ఇంట్ల చెప్తున్రు... ఎవలో మనిషి వచ్చి, వెనకకు పోయి, మూత తీసి రాసిండట. మొహం సరిగ జూడలేదట. చేతుల థిన్నర్ సీస ఉన్నదట."

చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. తుడిచింది నేనేనమ్మా, నలభై ఇళ్ళల్ల తుడిచిన, క్షమించు. ఒక్క నిమిషం పని. కానీ ఆమె "ఆయన పేరు ఊరంతా ఉన్నదన్నా" అంది, ఎంతో గర్వంగా. ఆ గర్వం వినగానే అతని లోపల మళ్ళీ అదే మంట భగ్గుమంది. వచ్చిన మాటను మింగేశాడు.

"ఆ... నేనే రాసిన" అన్నాడు. ఆ పుణ్యం కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. భార్య సింధుజ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. ఆరేళ్ళ కూతురు రిషిత ఎదురొచ్చి కాళ్ళకు చుట్టుకుంది. మల్లేశ్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇల్లు ఇల్లే. చెమటకు అంటుకుపోయిన చొక్కా విప్పి దండెం మీద వేసి, బిందెలో చెంబు ముంచాడు.

"బాపూ, నీ వీపు మీద ఎవలు రాసిన్రు?" అంది రిషిత.

చెంబు అతని చేతిలోనే ఆగింది.

సింధుజ నీళ్ళు చల్లడం ఆపి వచ్చింది. "ఏందయ్యా గిది? నల్లగ... మార్కరుతోని... చొక్క లోపల ఎట్ల రాసిన్రు?" కొంగు తడిపి రుద్దింది. పోలేదు. సబ్బు పెట్టి రుద్దింది. పోలేదు. అతనే సంచిలోంచి థిన్నర్ సీసా తీసిచ్చాడు. చర్మం మండి ఎర్రబడింది కానీ, అక్షరం చెదరలేదు.

"నా పేరేనా?" అన్నాడు. "సింధుజా, రాసింది నా పేరేనా?"

సింధుజ సీసా కింద పెట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. రిషిత మాత్రం ఈ ఏడే బడిలో కొత్తగా అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివింది.

"ర... మే... శ్."

వేలు కిందికి జరిగింది. ఆ వేలు ఎక్కడ తగిలితే అక్కడ ఒళ్ళు మంచులా చల్లబడుతోంది.

"కింద ఫోన్ నంబరున్నది బాపూ. దాని కింద తేదీ ఉన్నది."

"ఏం... ఏం తేదీ బిడ్డా?"

రిషిత గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. మళ్ళీ నాన్న వీపు వైపు చూసింది. తెలిసిన జవాబు దొరికినందుకు నవ్వింది.

"మే పదిహేను. రేపే!"