తెగిన దరువు

ఖాజాగూడ నుంచి నార్సింగికి అడ్డదారిన పోతే బండల నడుమ ఒక పెద్ద గుండు ఉండేది. దరువుగుండు అనేవాళ్లు. ఎండాకాలంలో మేకలు కూడా దాని నీడన పండుకునేవి కావు. ఇక రాత్రి సంగతి అడగనే వద్దు. బేస్తారం, అంటే గురువారం, చీకటిపడ్డాక అటువైపు నుంచి డప్పు మోగుతుందని... మోగి మోగి నడుమ ఠక్కున తెగిపోతుందని... అట్లా తెగడం విన్నవాడు తెల్లారేసరికి గుండు మొదట్లో నుదురు పగిలి పడి ఉంటాడని చెప్పుకునేవాళ్లు.

చెప్పుకోవడమేనా? పడ్డారు కూడా. ఇరవై రెండేళ్లలో ముగ్గురు. ముగ్గురిదీ ఒకటే తీరు — ఒంటి మీద ఇంకెక్కడా గీత లేదు. నుదురు మాత్రం టెంకాయ కొట్టినట్టు.

"దెయ్యం బండతోని మోదింది" అన్నది ఊరు.

ఆ ముగ్గురూ విశ్వేశ్వరరావు దొర జీతగాళ్లే. ఆ సంగతి మాత్రం ఎవరూ నోరు తెరిచి అనలేదు. దెయ్యానికి భయపడే ఊరు దొరకి అంతకంటే ఎక్కువ భయపడుతుంది మరి!

ఈ ముచ్చట సత్తెమ్మ చెప్పగా బయటికొచ్చింది. డెబ్బైనాలుగో సంవత్సరం ఎండాకాలం. అప్పటికి ఆమెకి పందొమ్మిదేళ్లు. తండ్రి రాజయ్య ఒకప్పుడు చుట్టుపక్కల పది ఊళ్లలో పేరున్న డప్పు మనిషి. పీరీల పండుగకి ఆయన దరువు పడందే పీరు లేవదనేవాళ్లు. ఇప్పుడు కుడిచేతి వేళ్లు ఐదూ వంకరపోయి, ఎడమచేత్తో బువ్వ తినేవాడు. డప్పు దూలానికి వేలాడేది. తాను దించడు, ఇంకొకరిని ముట్టనీయడు.

సత్తెమ్మ ముట్టింది. తండ్రి కూలికి పోయాక తలుపేసుకుని దించి, దరువులన్నీ చేతికి ఎక్కించుకుంది. పక్కింటి పోచమ్మ ఒకరోజు కిటికీలోంచి చూసి దడుసుకుంది.

"ఆడిపిల్లవు, డప్పు గొడ్తవానే? నిన్నెవడు చేసుకుంటడు?"

"చెవుడు లేనోడు చేసుకుంటడు తియ్యి అత్తా."

ఆ ఎండాకాలంలోనే రాజయ్య నిద్రలో లేవడం మొదలైంది. మొదటి బేస్తారం లేచి, గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నుదురు ఆనించాడు. ఠక్... ఠక్... ఠకఠక్... మెల్లగా, ఎవరో తలుపు తట్టినట్టు. రెండో బేస్తారం నుదురు బొప్పి కట్టింది. మూడో బేస్తారం గోడకి నెత్తురంటింది. కళ్లు తెరిచే ఉన్నాయి — బిడ్డని గుర్తుపట్టలేదు.

తెల్లారగానే సత్తెమ్మ మదార్ సాబ్ దగ్గరికి పోయింది. దరువుగుండు కింద ఒక ఫకీరు సమాధి ఉంది. దాని మీద బేస్తారం పొద్దుగూకేముందు దీపం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చే ముసలాయనే మదార్ సాబ్.

"మా నాయిన్ని ఏం పట్టింది తాతా?"

ఆయన తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇరవై రెండేండ్ల కింద బేటీ... పీర్ గురువుగారి ఉర్సు పండుగ రాత్రి. ఇప్పుడు గుండు కింద సమాధిల ఉన్న పీర్ అప్పుడు బతికే ఉండె. పాట వినేకాడ పెద్దోడు లేడు, చిన్నోడు లేడు, ముందొచ్చినోడే ముందల కూసుంటడని పీర్ మాట. కూలోళ్లు, గొల్లోళ్లు, మావోళ్లు, అందరొక్క వరస. మీ నాయిన దరువు. పీర్‌కు హాల్ వచ్చింది... ఒళ్లు మరిచి ఎటో పోయిండు. నిలబడి గిరగిర తిరుగుతుండు. హాల్ వచ్చినోడు దిగొచ్చేదాక దరువు ఆపొద్దు. ఆపితే పాణం పోతది. మాకదే కట్టుబాటు."

"ఆపిండ్రా?"

"దొర ఆలస్యంగ వచ్చిండు. ముందల జాగ దొరకలె. కూలోని వెనుక నేను నిలబడాల్నా అని ముగ్గురు జీతగాళ్లకు కట్టెలిచ్చి తోలిండు. మొదటి దెబ్బ ఆయనే కొట్టిండు, మీ నాయిన చేతి మీద. డప్పు కిందపడ్డది. దరువు తెగింది. పీర్ నిలబడ్డ కాడనే కూలిండు."

"మరి మా నాయిన తప్పేంది?" సత్తెమ్మ లేచి నిలబడింది. "దెబ్బ కొట్టినోనికీ దెబ్బ తిన్నోనికీ ఒకటే శిక్షనా? గదేం న్యాయం?"

"శిక్ష గాదు బేటీ. పీర్ ఎవ్వర్నీ చంపడు. ఆయన ఇంక వింటనే ఉండు... దిగలె. తెగిన కాడికెల్లి ఎవరో ఒకరు అందుకోవాలె. ఎవరు ఆపిన్రో వాళ్లనే పిలుస్తడు. మీ నాయిన చెయ్యి జారింది గద. దరువు రానోడు, చేతులు పనికిరానోడు దేనితోని కొడ్తడు మరి?"

సత్తెమ్మకి గోడ మీది నెత్తురు మరక కళ్లముందు ఆడింది.

ఇంకో సంగతి కూడా ఆ ముసలాయనే చెప్పాడు. దొర ఆ గుట్టని రాళ్లు కొట్టించడానికి ఇచ్చేశాడు. వచ్చే శుక్రవారం పొద్దున్నే గుండుకి మందుపెట్టి పేలుస్తారు. అంటే వచ్చే బేస్తారమే ఆఖరు రాత్రి.

బేస్తారం పొద్దుగూకగానే సత్తెమ్మ తండ్రి కాలిని మంచానికి మోకుతో కట్టింది. కాపలా కూర్చుంది. ఎప్పుడు రెప్ప వాలిందో... లేచి చూస్తే మంచం లేదు!

మంచాన్ని ఈడ్చుకుంటూ పోయిన గాడి వాకిట్లోంచి బండల వైపు సాగింది. ఆమె దూలానికున్న డప్పు దించి పరుగెత్తింది.

దారిలో విరిగిన మంచంకోడు దొరికింది. ఆ తర్వాత చప్పుడు వినపడింది. ఠక్... ఠక్... ఠకఠక్...

రాజయ్య గుండు మొదట్లో మోకాళ్ల మీద ఉన్నాడు. ముఖమంతా నెత్తురు. గుంజితే కదల్లేదు. మనిషి కాదు, పాతిన రాయి. నుదురు ఒక్కొక్క దెబ్బే వేస్తోంది. ప్రతిసారీ ఒకేచోట ఆగుతోంది... మళ్లీ మొదటినుంచి.

'ఇక్కడన్నమాట తెగింది' అనుకుంది సత్తెమ్మ.

సమాధి మీది దీపంతో ఎండుగడ్డి అంటించింది. డప్పుకి సెగ చూపించింది. తోలు బిగిసి ఖంగుమంది. భుజానికి వేసుకుని, కుడిచేత చిర్ర అనే పొట్టి కట్టె, ఎడమచేత సన్నపుల్ల పట్టి, చెవులు రిక్కించింది. తండ్రి నుదురు ఆగిన చోటు వచ్చింది — ఆమె అందుకుంది.

రాజయ్య వెనక్కి కూలబడ్డాడు. కళ్లల్లోకి చూపు వచ్చింది. "బిడ్డా..." అన్నాడు. "ఆపకు."

ఆపలేదు. మంట పక్కకి వాలినప్పుడల్లా బండ మీద నీడలు ఊగాయి. తండ్రిది ఒకటి. తనది ఒకటి. మూడోది... తిరుగుతోంది. గిరగిరా, చేతులు చాచి, చప్పుడు లేకుండా.

సత్తెమ్మ అటు చూడటం మానేసింది. అరచేతులు చిట్లి చిర్ర జారుతోంది. పళ్లతో కొంగు చింపి చేతికి చుట్టుకున్నంతసేపూ ఎడమచేతి పుల్ల ఆడుతూనే ఉంది.

నడిజాము వేళ బండల మీద జీపు వెలుగు పడింది. గుండు పేల్చకుండా ఊరోళ్లు అడ్డుపడతారేమోనని దొర రాత్రంతా అటే తిరుగుతున్నాడు. డ్రైవర్ని జీపులోనే ఉంచి, టార్చిలైటూ చేతికర్రా పట్టుకుని ఒక్కడే వచ్చాడు.

"ఎవతెవే? ఓహో... రాజిగాని బిడ్డవా? నీ అయ్య వేళ్లు ఇరగ్గొట్టినా మీ కొంపల డప్పు సావలేదానే?"

ఆమె తలెత్తలేదు.

"ఆపు."

"ఆపను దొరా. దిగనియ్యి."

"ఎవర్ని?"

"వినేటాయన్ని."

దొర నవ్వాడు. నవ్వుతూనే కర్ర ఎత్తి ఆమె కుడి మణికట్టు మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకి నొప్పికన్నా ముందు తెలిసింది. డప్పు దొర్లి మంటలో పడింది. తోలు ఫట్టున పగిలింది. మంట ఆరిపోయింది.

చీకటి.

ఒక్క ఊపిరి... రెండూపిర్లు...

ధన్! దరువు మళ్లీ అందుకుంది.

సరిగ్గా తెగిన చోటునుంచే. కానీ ఇదివరకటిలా ఖంగుమనడం లేదు. బరువుగా, తడిగా ఉంది.

సత్తెమ్మ తన చేతులు చూసుకుంది. ఒకటి వేలాడుతోంది, ఒకటి దాన్ని పట్టుకుని ఉంది. తండ్రి కోసం తడిమింది. ఆయన పక్కనే కూర్చున్నాడు, కదలకుండా. మరి ఎవరు కొడుతున్నారు?

దొర టార్చిలైటు గడ్డిలో బోర్లాపడి వెలుగుతోంది. ఆమె కాలితో తోస్తే ఆ వెలుతురు గుండు మొదటికి పాకింది. అక్కడ బూట్లు కనిపించాయి. మడిచిన మోకాళ్లు... వెనక్కి వేలాడుతున్న రెండు చేతులు...

దొర. నుదుటితో.

ధన్... ధన్... ధనధన్...

ఆమె అరిచింది. ఎంత పగున్నా మనిషి కదా! ఉరికి, ఉన్న ఒక్క చేత్తో అతని భుజం పట్టి గుంజింది. పాతిన రాయి. నెత్తురు చెంపల మీద చిమ్మింది.

"ఆపు దొరా! ఆపు!"

వెనకనుంచి రాజయ్య ఆమె కొంగు పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా ముడుచుకుపోయిన ఆ వేళ్లతోనే.

"ఆపొద్దు బిడ్డా..." గుసగుసగా అన్నాడు. "ఇంక దిగలె."

తొలికోడి కూసేదాకా తండ్రీబిడ్డా అక్కడే కూర్చుని విన్నారు. అప్పుడు దరువు నెమ్మదించింది. మూడు దెబ్బలు... రెండు... ఒకటి. బండల మీదుగా "హూ..." అని పొడుగాటి ఊపిరి పోయింది, ఎన్నో ఏళ్లు బిగబట్టి వదిలినట్టు. తిరిగే నీడ మెల్లగా కూర్చుంది. మళ్లీ లేవలేదు.

పొద్దెక్కాక పోలీసులు దవాఖాన నుంచి డాక్టర్ని తెచ్చారు. ఆయన శవం మీద చెయ్యి పెట్టి చూశాడు. వంగని మోచెయ్యి వంచబోయాడు. జీపు డ్రైవర్ని అడిగాడు, "ఎప్పటిదాకా చప్పుడు వినపడ్డది?"

"కోడి కూసేదాక సార్. ఒక్క నిమిషం ఆగలె."

"అబద్ధం చెప్పకు. ఒళ్లు కొయ్యబారింది చూడు. ఈయన నడిజాముకే పోయిండు." గుడ్డ కప్పుతూ అన్నాడు డాక్టరు. "మొదటి దెబ్బకే."