ఏనుగంస

రాగిసరి గిన్నె పొయ్యి మీద నుంచి దించేసరికి ఫోను మోగింది. ఒక చంకలో పాప, ఇంకో చేతిలో గరిటె. హరిత భుజంతోనే ఫోను చెవికి అదుముకుంది. పొద్దున్నే ధర్మవరం నుంచి ఫోను వస్తే ఆమెకు ఇప్పటికీ భయమే. పోయిన ఏడు అమ్మ చనిపోయిన కబురు కూడా ఇట్లాగే పొద్దున్నే వచ్చింది.

"హరీ, నేనే, చిన్నమ్మత్తను. మీ నాయన మొన్నటి సంది సరిగా అన్నం ముట్టలే. మగ్గం దిగి మూలకు కూచున్నాడు."

"జరమొచ్చిందా అత్తా?"

"జరం కాదు, రోషం. పెనుకొండలో నువ్వు గోడకేసిన బొమ్మలు ఎవరో ఫోనులో తీసి మన వీధికంతా పంపించినారు. మళ్లా 'ఏనుగంస జయరాముడు' అని పిలుస్తాండారు. సోమవారం మీ అమ్మ సంవత్సరీకానికి నువ్వు రావద్దంట. చెప్పమన్నాడు, చెప్తాండా. నన్ను తిట్టొద్దు తల్లీ."

ఫోను పెట్టేసినా హరిత అక్కడే నిలబడిపోయింది. రాగిసరి గడ్డకట్టింది. పాప ఆకలికి చెంప కొరికితే గానీ ఈ లోకంలోకి రాలేదు.

తొమ్మిదో తరగతితో హరిత చదువు ఆగింది గానీ చెయ్యి ఆగలేదు. హిందూపురం కాపురానికి వచ్చాక బడి గోడల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. అందరూ వేసే చిలకలూ మామిడికాయలూ కావవి. వేరుశనగ చెట్టు పీకితే వేళ్లకు కాయల బదులు చుక్కలు వేలాడుతుంటాయి. చందమామను బుట్టలో పెట్టుకుని ఓ అవ్వ మబ్బుల మీద నడిచిపోతుంటుంది. అన్నిటికంటే పిల్లలకు ఇష్టమైనది, ముందు సగం ఏనుగు, వెనక సగం హంస. పెనుకొండ అంగన్‌వాడీ టీచరు నోరు తెరిచి, "ఇయ్యన్నీ యాడ చూసినావమ్మా?" అని అడిగితే హరిత నవ్వి ఊరుకుంది. ఎక్కడ చూసిందో వాళ్ల ఇంటికే తెలుసు.

పట్టుచీర అంచులో బొమ్మ పడాలంటే మగ్గం పైన చిల్లుల అట్టల దండ తిరగాలి. ఒక్కో అట్ట బొమ్మలో ఒక్కో వరసను నేయిస్తుంది. వాటిని వరస తప్పకుండా దారంతో కుట్టాలి. హరిత ఇంకా పాలు తాగే బిడ్డగా ఉన్నప్పుడు, ఓ పెళ్లిచీరకు వాళ్ల నాయన జయరాముడు ఏనుగు అట్టలనూ హంస అట్టలనూ సగంసగం కలిపి కుట్టేశాడు. ముహూర్తం తొందరలో బొమ్మ వంక చూడకుండా నేసుకుంటూ పోయాడు. చీర కోసి విప్పితే అంచు పొడుగునా ఏనుగుకు హంస తోక! పెళ్లివాళ్లు అపశకునమని చీర మొహాన కొట్టిపోయారు. షావుకారు తానిచ్చిన మగ్గం వెనక్కి తీసుకున్నాడు. ఆనాటి నుంచి జయరాముడు ఒకరి మగ్గం మీద కూలివాడు. వీధి మాత్రం ఆయనకు కొత్త పేరు పెట్టి ఊరుకుంది.

అందరూ వద్దన్న ఆ చీరను హరిత అమ్మ వరలక్ష్మి పారేయలేదు. బిడ్డకు ఉయ్యాల కట్టింది. బిడ్డ పెద్దదయ్యాక అదే దుప్పటైంది. "ఇది నడిస్తే ఏనుగు, ఎగిరితే హంస. దీనికి ఊర్లో దారులు చాలవు పాపా, అందుకే అందరూ నగుతారు" అని కథ చెప్పేది. హరిత బొమ్మలన్నీ ఆ చీర కింద పుట్టినవే.

ఫోను సంగతి విని భర్త ప్రవీణ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు, "ఆ గోడకు సున్నం కొట్టిస్తే పోలా? మీ అమ్మ ఏడు కంటే బొమ్మలెక్కువనా?"

"కొట్టమంటే కొడతా. ముందు నాయన మొగం చూసి అడగల్ల."

"ఇంత ఎండలో బిడ్డనెత్తుకొని యాడికి పోతాండావు? నేను ఆదివారం తోడొస్తాలే."

"సోమవారమే ఏడు. ఆదివారం దాకా ఆయప్ప అన్నం మానేస్తే?"

కాచి చల్లార్చిన నీళ్లు, జ్వరం మందు, రెండు జతల గుడ్డలు, మరీ అవసరమేమోనని ఇంకో జత సంచిలో కుక్కింది. రైల్లో పాప తుమ్మినప్పుడల్లా నుదురు తాకి చూసుకుంది. పెనుకొండ స్టేషన్ దాటుతుంటే తల తిప్పేసుకుంది.

ధర్మవరంలో ఇంటి వాకిట్లో అడుగుపెట్టేసరికి జయరాముడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. మసకబారిన కళ్లు చికిలించి చూశాడు.

"ఎవరు? హరితనా? రావద్దని చెప్పలేదా మీ అత్త?"

"చెప్పింది. వచ్చినా."

"వస్తావు. నన్ను బజారులో నిలబెట్టినాక ఇంట్లోకి గూడా వస్తావు. ఇరవై ఏండ్లకు పైనే ఆ పేరు మింగి బతికినా. మింగింది అరిగిందనుకుంటే నువ్వు గోడంత చేసి చూపించినావు!"

"అన్నా, బిడ్డను చంకలో ఎత్తుకొని వాకిట్లో నిలబడింది, మంచినీళ్లన్నా..." అంది జయరాముడి చెల్లెలు చిన్నమ్మ.

"నువ్వుండుమే! చూసుకొని నగడానికి వేరే బొమ్మే దొరకలేదా ఈమెకు?"

హరిత సంచి కింద పెట్టింది. "నగడానికి ఏసినానా నాయనా? ఆ చీర ఒకసారి తియ్యి. దాన్ని ఒళ్లో పెట్టుకొని చెప్తా యాల ఏసినానో. చెప్పినాక సున్నం కొట్టమంటే నా చేత్తోనే కొడతా."

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తియ్యి అత్తా, పెట్టెలోనే కదా ఉండాది."

"పెట్టెలో యాడుంటాది?" అన్నాడు జయరాముడు. "మీ అమ్మకు కట్టించి పంపినా. పోయే ముందర అదే కట్టమన్నది. ఊరంతా చూస్తాండగా, నా తప్పు కట్టుకొనే పోయింది."

ఆ రోజు హరిత హిందూపురం ఆసుపత్రిలో ఉంది. పాప పుట్టి రెండో రోజు. బాలింత శవాన్ని చూడకూడదన్నారు, పచ్చి ఒళ్లన్నారు, బిడ్డకు మంచిది కాదన్నారు. అందరూ చెప్పారు, ఆమె ఆగిపోయింది. కనీసం చీరైనా మిగిలిందనుకుంది ఇన్నాళ్లూ. అది కూడా అమ్మతోనే కాలిపోయింది.

"నన్ను అమ్మను చూడనీలే," అంది వెక్కుతూ. "మీరంతా చూసుకున్నారు. నాకు చూసుకోను ఏం మిగిలింది? ఈ బిడ్డకు పాలిచ్చేటప్పుడు కండ్లు మూస్తే ఆ చీరే కనపడ్తాది నాయనా. అందుకే గోడకు ఏసుకున్నా. నీ తప్పని కాదు, అది మా అమ్మ దుప్పటని."

తల్లి ఏడుస్తుంటే పాప కూడా బావురుమంది. చిన్నమ్మ పాపను అందుకుని, అన్న వైపు తిరిగింది. "ఇప్పుడన్నా చెప్పు అన్నా. ఆ అట్టలు కుట్టిన పొద్దు ఈ పిల్లకు జరం. వదిన మందుకు పోయిండె. నువ్వు కాలితో ఉయ్యాల ఊపుతా, చేత్తో కుడతా, కండ్లు మాత్రం బిడ్డ మీదనే పెట్టినావు. షావుకారు అడిగితే ఆ మాట ఒక్కటీ చెప్పలే."

"బిడ్డ మీదికి నెట్టేదా తప్పు?" అన్నాడు జయరాముడు.

ఆయన గోడ పట్టుకుని లేచాడు. చిలక్కొయ్యకున్న తువ్వాలు తడిమి భుజాన వేసుకున్నాడు.

"యాడికి అన్నా?"

"పెనుకొండకు. నేను చూడల్ల."

పెనుకొండలో రైలు దిగి ఆటోలో అంగన్‌వాడీకి చేరేసరికి పిల్లలు అన్నాలు తిని వెళ్లిపోయారు. ఎండ గోడ మీద నిండుగా పడుతోంది. జయరాముడు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, అంచు నుంచి మొదలుపెట్టి వేలితో తడుముకుంటూ పోయాడు. అట్ట తర్వాత అట్ట ఎలా పడాలో అదే వరసలో. తొండం దాటాడు, వీపు దాటాడు, సరిగ్గా ఏనుగు హంసయ్యే చోట వేలు ఆగింది.

"ఈడనే," అన్నాడు. మళ్లీ వేలు కిందికి జరిపి, "హంస కాళ్లు ఎర్రగా ఉండె. నువ్వు పసుపు ఏసినావు," అన్నాడు.

"గుర్తులేదు నాయనా."

"నాకుండాది."

గోడ కింది మూల బొమ్మలో ఒకామె పడుకుని ఉంది. కాళ్ల నుంచి భుజాల దాకా ఏనుగంసల చీర కప్పుకుంది. భుజాల పైన ఉత్త తెల్ల సున్నం. జయరాముడు వంగి అక్కడ అరచెయ్యి పెట్టాడు.

"మీ అమ్మకు మొగం యాల ఏయలేదు?"

"కడసారి చూడలేదు కదా నాయనా. పడుకున్నామెకు ఏ మొగం పెట్టేది?"

ఆయన అలాగే నేల మీద చతికిలబడ్డాడు. చేతులు చాచాడు. హరిత పాపను ఆ చేతుల్లో పెట్టింది. మీసం పట్టుకుని లాగుతున్న పాపను గుండెకు అదుముకుని చాలాసేపు గోడనే చూశాడు.

"సుద్దముక్క ఉండాదా?"

టీచరు తెచ్చి ఇచ్చింది.

"మొగం కొంచెం ఎడమకు వాలిండె," అన్నాడు జయరాముడు. "కండ్లు సగం మూసిండె. నేను పూర్తిగా మూసినా. అంచు మీది ఏనుగు సరిగ్గా గడ్డం కిందికి వచ్చిండె. ఎవరో కథ చెప్తాంటే వింటా వింటా నిద్రపోయినట్ల... పెదవి మీద ఇంతే, ఇంత నగు ఉండె పాపా."

హరిత కళ్లు తుడుచుకుంది. సుద్దముక్క గోడకు ఆనించింది.

"ఎంత నగు నాయనా? ఇంకోసారి చెప్పు."