అందరికీ ఒకే తాళంచెవి

స్టేషన్ మెట్ల మీద ఏజెంటు కుప్పకూలాడు. అతను ఆ దారిన వస్తాడని హెడ్డాఫీసుకు తప్ప ఎవరికీ తెలియదు.

"ముఠావాళ్ళు మన మెసేజ్ చదివేశారు," చీఫ్ పళ్ళు కొరికాడు. "మెసేజీలకు తాళం వేసే ప్రోగ్రాము, ఆ సీక్రెట్ కోడ్ లైబ్రరీ, రాసిన ఆఫీసులోనే ఎవరో ఇంటిదొంగ ఉన్నారు. ఈ మధ్యాహ్నం అందరు ఏజెంట్లకూ కొత్త ఆర్డర్లు వెళ్తాయి. అవీ చదివారంటే ఒక్కడూ మిగలడు."

డేగ అనే మారుపేరున్న ఏజెంటు టూల్‌బ్యాగు అందుకున్నాడు. పోయినవాడు అతని చెల్లెలి భర్త.

ఆ ఆఫీసులో ఏసీ మెకానిక్ వేషంలో నిచ్చెనెక్కాడు. స్క్రూడ్రైవర్ పిడిలోని కెమెరా, కిందనున్న కంప్యూటర్ స్క్రీన్ మీది కోడ్‌ను పట్టి చూపింది. కీని, అంటే మెసేజీల తాళంచెవిని, మార్చే మెథడ్ స్టాటిక్, అందరికీ ఉమ్మడి! నిజానికి ప్రోగ్రాములో ఒక్కో ఏజెంటుకూ విడిగా ఒక్కో ఆబ్జెక్టు, దానికి సొంత కీ ఉండాలి. ఇక్కడ సర్వర్ మొత్తానికీ ఒకటే కీ. చివర ఎవరు మారిస్తే అందరి మెసేజీలూ వాళ్ళ కీతోనే లాకవుతాయి. ఆ కీ ఏజెంట్ల ఫోన్లకూ దానంతటదే చేరుతుంది. వాళ్ళకు మెసేజీలు మామూలుగానే తెరుచుకుంటాయి, ఇక అనుమానమెందుకొస్తుంది?

"ఏసీ పైనుంటే చూపు కిందికెందుకు?"

లైబ్రరీ డిజైనర్. మెడలో పట్టు స్కార్ఫ్, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"స్టాటిక్ ఎందుకు పెట్టావ్?"

"ఆబ్జెక్టు తయారుచేసే బాధ తప్పుతుందన్నాను. మీ చీఫ్ మురిసిపోయాడు." నవ్వింది. "ఊరికే లెక్క కట్టి ఇచ్చే మెథడైతే స్టాటిక్ చాలు. ఏదైనా గుర్తుపెట్టుకోవాలంటే ఇన్‌స్టెన్సే, అంటే ఏ ఆబ్జెక్టుకు ఆ ఆబ్జెక్టుకే సొంతమైన మెథడే, ఉండాలి. నిన్నగాక మొన్న చేరినవాడికీ తెలుసీ సంగతి."

"మా చెల్లెలి మొగుణ్ణి పొట్టనబెట్టుకున్నావ్."

"వాడొక్కడేనా? ఇంకాసేపట్లో..."

డేగ వదిలేసిన ఏసీ మూత ఆమె చేతి మీద పడింది. పిస్టల్ బల్ల కిందికి జారింది. డేగ దూకేలోపు ఆమె ఎంటర్ నొక్కేసింది. ముఠా కీ ఎక్కేసింది. స్క్రీన్ మీద ఆర్డర్లు బయలుదేరబోతున్నాయి.

ఆమె గోళ్ళు అతని మెడలో దిగాయి. ఒక చేత్తో ఆమెను గోడకు అదిమి, రెండో చేత్తో అదే మెథడ్‌ను పిలిచాడు. అది స్టాటిక్. ఎవరు పిలిచినా పలుకుతుంది. కీ స్థానంలో చెల్లెలి పేరు కొట్టి, ఎంటర్ నొక్కాడు.

మరుక్షణమే ఆర్డర్లు వెళ్ళిపోయాయి. ఆమె ఫోన్‌లో చూస్తే, ముఠాకు చేరినదంతా పిచ్చిగీతలే. ఆమె ముఖం పాలిపోయింది.

సంకెళ్ళు వేశాక చీఫ్‌కు ఫోన్ చేశాడు. "సార్, ఆ మెథడ్‌ను ఇవాళే ఇన్‌స్టెన్స్ చేయించండి."

"ఇప్పుడు మారిస్తే దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ చచ్చిపోతాయంటున్నారయ్యా!"

"చావనివ్వండి సార్. ప్రోగ్రాములకు పెళ్ళాం పిల్లలుండరు."