ఐస్ గది మూడో తలుపు

ఎడారి దేశంలో, సీబ్ అనే ఊరు దాటాక ఒక మంచు హాలు ఉంది. బయట ఎండకి కాళ్లు కాలిపోతుంటే, లోపల జనం డబ్బులిచ్చి మరీ వణుకుతూ స్కీల మీద జారుతుంటారు. ఆ హాలు వెనకవైపు మూడో తలుపు ఉందే — దాని పేరు మంచిది కాదు.

తలుపు వెనక ఐస్ గది. హాలు కట్టేటప్పుడు ఒక కూలీ అందులోనే ఉండిపోయాడట. రాత్రిళ్లు లోపలి నుంచి కొడతాడట... మూడు దెబ్బలు. కాసేపాగి మళ్లీ మూడు. ఆ తర్వాత మనకు తెలిసినవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తాడట. పలికి తలుపు తీశారా — తీసినవాడి పని అంతే.

పచ్చి అబద్ధం! అల్లింది ఆర్మూరు లింబాద్రి.

ఎందుకంటారా? కడుపుమంట. నాలుగేళ్లుగా మంచు చదును చేస్తున్నది తనైతే, మంచు మిషన్ మాత్రం నిన్నగాక మొన్న జగిత్యాల నుంచి వచ్చిన సంజీవ్ చేతికిచ్చారు. అందుకే కథ అల్లి కుర్రాడి చెవిలో పోశాడు. సంజీవ్ రూమ్‌లో లైటు ఆర్పి పడుకోవడం మానేశాడు. లింబాద్రికి అదొక పండగ.

సీజన్ మొదలవడానికి ఇంకా నాలుగు రోజులుంది. మంచు పట్టేది రాత్రిళ్లే, అందుకే పనులన్నీ అప్పుడే. బూట్లు సైజులవారీగా సర్దాలి, స్కీలకు మైనం పూయాలి, తలుపుల పిడులన్నీ లోపలి నుంచి తిప్పి చూసి కాగితం మీద టిక్కు పెట్టాలి. పిడుల డ్యూటీ లింబాద్రిది. మూడో తలుపు దగ్గర చలికి బద్ధకించి, లోపలికి పోకుండానే టిక్కు పెట్టేశాడు.

ఆ రాత్రి రెండు గంటలకు సంజీవ్ ఒక్కడే బూట్ల పెట్టె మోసుకొస్తున్నాడు. లింబాద్రి చూశాడు. ఇవాళ వీడి పాంటు తడవాల్సిందే అనుకున్నాడు. రెండు నిమిషాల పనికి కోటెందుకు? పైగా గరగరమంటుంది. కోటు బయట కొక్కేనికి తగిలించి, గదిలోకి దూరి తలుపు లాక్కున్నాడు.

టక్... టక్... టక్.

బయట పెట్టె దభీమని పడింది. "వామ్మో!" — ఆ వెంటే పరుగు.

లింబాద్రి నోరు నొక్కుకుని నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. చాల్లే అనుకుని పిడి తిప్పాడు.

పిడి తిరిగింది. తలుపు కదల్లేదు.

గట్టిగా కుదిపాడు — పిడి ఊడి చేతికొచ్చింది.

అప్పుడు కొట్టాడు. మూడు కాదు, ముప్పై. అరిచాడు. చెమట పట్టిన చొక్కా వీపుకి అట్టలా బిగుసుకుంది. వేళ్లు తనవి కానట్టున్నాయి. ఎంతసేపో...

అడుగుల చప్పుడు!

"కౌన్ హై?" సంజీవ్ పిలుచుకొచ్చిన ఫోర్‌మన్ బాబు మియా గొంతు. లింబాద్రికి ప్రాణం లేచొచ్చింది.

"నేనే భాయ్... లింబాద్రిని... సంజీవ్, తలుపు తియ్యి బిడ్డా!"

బయట సంజీవ్ ఏడుపు గొంతుతో గుసగుసలాడాడు.

"తియ్యకు భాయ్... గట్లనే పిలుస్తదట. మనోళ్ల గొంతుతోని, పేరు పెట్టి. లింబాద్రి అన్ననే చెప్పిండు."

"అబద్ధం రా! నేనే అల్లిన!" లింబాద్రి అరిచాననుకున్నాడు. దవడలు కొట్టుకుని, బయటికి మూలుగే వచ్చింది.

"ఠహర్, ఆగు," అన్నాడు బాబు మియా. గడియ మీద చెయ్యి పడ్డ చప్పుడు... "ముందు లింబాద్రికి ఫోన్ చెయ్యి. వాడు ఎత్తితే, ఇది వాడు కాదు."

ఫోన్ మోగింది — తలుపు బయటే. కొక్కేనికి వేలాడుతున్న కోటు జేబులో.

మోగి మోగి ఆగిపోయింది.

"కోటుంది... మనిషి లేడు," అంటూ సంజీవ్ వెనక్కి జరిగాడు. "పట్కపోయింది భాయ్! అన్నను పట్కపోయింది!"

గడియ మీంచి చెయ్యి జారింది. రెండు జతల కాళ్లు పరిగెత్తాయి.

లింబాద్రి కొట్టాడు. మూడు దెబ్బలు. అంతకంటే చేతులు లేవలేదు.

సీజన్ అనుకున్న రోజుకే మొదలైంది. ఆ తలుపు దగ్గరికి మాత్రం ఇప్పటికీ ఎవరూ ఒంటరిగా పోరు. రాత్రి రెండు దాటాక మూడు దెబ్బలు వినిపిస్తాయట... అది అబద్ధమని చెప్పగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు.