సాంచెల చప్పుడులో అన్న మాట

కరెంటు పోతే ముఖం వెలిగిపోయే మనిషిని సిరిసిల్ల ఊరు అంతకుముందెన్నడూ చూడలేదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బొగ్గు గనుల్లో పని ఆగిపోయింది. బస్సులు డిపో గేటు దాటడం లేదు. కరెంటు తనకిష్టమైనప్పుడు వచ్చి, చెప్పకుండా పోతోంది. ఆ మధ్యాహ్నం కూడా రాజేశం షెడ్డులో ఎనిమిది సాంచెలూ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. సాంచెలంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కవాడి కేక పక్కవాడికి వినపడదు. ఆగాక కూడా చెవుల్లో కాసేపు నడుస్తూనే ఉంటాయి.

అదే అదనుగా కార్తికేయ భుజాన సంచీతో లోపలికొచ్చాడు.

"నమస్తే రాజేశమన్నా! ఇప్పుడు జర మాట్లాడుదమా?"

షెడ్డు నడుమ స్టూలు మీద, చేతిలో చిన్న యంత్రం పట్టుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తింది. ఆ చూపుకు నూలు కాలిపోవాల్సింది.

"కరెంటు తీపిచ్చేది నువ్వేనా?"

"నేనా? నేనేం జేసిన?"

"ఇంకో అయిదు నిమిషాలుంటే నా రీడింగు అయిపోతుండె. కరెంటు పోయింది, నువ్వచ్చినవ్. నిన్న గట్లనే. మొన్న గట్లనే. నీకేమన్న లైన్‌మెన్ సుట్టమా?"

"సాంచెలు నడుస్తుంటె ఎవలన్న మాట్లాడుతరా? ఆగితెనే నాకు పని."

"నడిస్తెనే నాకు పని!"

ఇద్దరూ పరిశోధకులే, అదీ అసలు చిక్కు. దమయంతి రాజేశం బిడ్డ. ఫిజిక్సులో ఎమ్మెస్సీ ముగిస్తూ, సాంచెల చప్పుడెంత, అది మనిషి చెవిని ఎట్లా తింటుంది అని కొలుస్తోంది. కార్తికేయది కోరుట్ల. సోషియాలజీలో పీహెచ్‌డీ. భివండీకి బతకబోయి తిరిగొచ్చిన నేతకార్మికుల బతుకులను అడిగి రాసుకుంటున్నాడు. షెడ్డు ఒకటే, మనుషులూ వాళ్లే. ఆమెకు చప్పుడు కావాలి, అతనికి నిశ్శబ్దం కావాలి. ఆ రోజుల్లో రెండూ ఎవరి చేతిలోనూ లేవు.

మూలన నూలు కండెలు చుట్టే దేవవ్వ ఈ తగవు చూసి తెగ సంబరపడింది. కార్తికేయ అద్దెకుంటున్న గది ఆమెదే.

"మా సిరిసిల్లకు అందరచ్చిన్రు బిడ్డా. ఒకాయన మానేరు నీళ్లు సీసల వట్టుకపోయిండు. ఒకామె దోమల వట్టుకపోయింది. ఇంకొకాయన నా నెత్తురు వట్టుకపోయిండు, ఇప్పటిదాక పత్తా లేడు. ఈ పొల్ల సప్పుడు వట్టుకపోతదట. నువ్వేం వట్టుకపోతవ్?"

"మాటలు, అవ్వా."

"కొంచవో. గవి మాకు మస్తున్నయ్."

దమయంతి నవ్వు ఆపుకుంది. "అవునుగని సారూ, కూసోని ముచ్చట్లు పెట్టుడు గూడ సైన్సేనా?"

"సప్పుడు ఎక్కువున్నదని చెప్పనీకి మిషిన్ కావాల్నా? అది సైన్సా?"

"ఎక్కువంటె ఎంత? ఆ లెక్క చెప్తెనే సర్కారు ఇంటది."

"సప్పుడున్నా ఎందుకు చేస్తున్నరో నేను చెప్తెనే సర్కారుకు అర్థమైతది."

"సర్కారుకు అర్థమైతదని నమ్మేటోడు సైంటిస్టు కాదు, భక్తుడు."

షెడ్డంతా నవ్వింది. కార్తికేయ కూడా నవ్వాడు. ఆ నవ్వే అతని కొంప ముంచింది.

* * *

వారం తిరిగేసరికి ఆమె యంత్రం మొరాయించింది. దాన్ని జగిత్యాలలో ఆమె కాలేజీ ల్యాబుకు తీసుకుపోవాలి. బస్సుల్లేవు. కార్తికేయకు పాత బండి ఉంది, అతను అడగకముందే రాజేశమే అన్నాడు. "సార్, జర మా పిల్లను జగిత్యాలకు తీస్కపోయి తీస్కరారాదు?"

"తీస్కపోత అన్నా!"

వేములవాడ దాటాక దమయంతి వెనక నుంచి అడిగింది.

"మా బాపును ఏమని పిలుస్తున్నవ్?"

"అన్నా అని."

"మరి మీ అన్న బిడ్డ నీకేమైతది?"

బండి గుంతలో పడి లేచింది. బిడ్డే అవుతుంది. ఈ మాట ఆమె ఊరికే అడిగిందా, కావాలని అడిగిందా? నలుగురిని పదహారు రకాలుగా ప్రశ్నించి జవాబు రాబట్టే అతనికి ఈ ఒక్క ప్రశ్న వెనక ఏముందో అంతు చిక్కలేదు. ఆ రోజు నుంచి రాజేశాన్ని అన్నా అనడం మానేశాడు. మామా అనడానికి ధైర్యం చాలక, ఏమీ అనకుండా దగ్గి పలకరించేవాడు.

దారిలో వంటావార్పు అడ్డొచ్చింది. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, జెండాలు పాతి, జనం అన్నం వండుతున్నారు. వాన చినుకులు మొదలయ్యాయి. ఎవరూ లేవలేదు.

"ఎవలు మీరు? ఎటువోతున్నరు?" ఒకాయన బండి ఆపాడు.

"రీసెర్చ్ చేస్తున్నం అన్నా," అన్నాడు కార్తికేయ.

"దేని మీద? తెలంగాణ మీదనా?"

"నేను నేతకార్మికుల మీద. ఈమె సప్పుడు మీద."

"సప్పుడు మీదనా? అయితె సరైన జాగకే అచ్చిన్రు. కూసోన్రి, తిన్నంకనే తొవ్వ."

ఎవరో ఇచ్చిన ఒకే గొడుగు కింద, విస్తరాకుల్లో అన్నం, పప్పుచారు. వాన విస్తరిలో పడుతుంటే దమయంతి చెయ్యి అడ్డం పెట్టింది, తన విస్తరికి కాదు, అతని దానికి. అతను చూశాడు. చూశాడని ఆమె చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె చెప్పింది. "దీపావళి కాంగనె నేను హైదరాబాద్ పోత. యూనివర్సిటీల సీటచ్చింది."

అతను "మంచిది" అన్నాడు. తర్వాత ఆ మాటకు తనను తానే తిట్టుకున్నాడు.

* * *

మర్నాడు రాజేశాన్ని ఇంటర్వ్యూ చేస్తున్నాడు. భివండీ సంగతి అడగడం అది మూడోసారి. పాపం ఆ పెద్దమనిషి మూడోసారీ ఓపికగా మొదటి నుంచి చెప్తున్నాడు. ఉన్నట్టుండి కరెంటొచ్చింది. రాజేశం లేచి ఉరికాడు. ఎనిమిది సాంచెలూ అందుకున్నాయి. షెడ్డు ఊగిపోయింది.

రెండు మూరల దూరంలో దమయంతి యంత్రం పట్టుకుని, అతని వైపే తిరిగి నిలబడింది.

ఈ మోతలో పిడుగు పడ్డా ఎవరికి వినిపిస్తుంది? కార్తికేయకు గుండెల మీది రాయి దించుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదనిపించింది. నోరు తెరిచాడు.

"దమయంతీ, నా ఇంటర్వ్యూలు ఎప్పుడో అయిపోయినయ్. నీకోసమే వస్తున్న. అడిగిందే అడుగుతున్న. నువ్వు నవ్వితె నాకు థీసిస్ యాదికుండది. నువ్వు తిడితె ఇంకా మంచిగుంటది. మీ బాపును సచ్చినా అన్నా అని పిలువ. మా అమ్మకు నీ పేరు గూడ చెప్పిన. నువ్వు హైదరాబాద్ పోతనంటె మంచిదన్న సూడు, నా అసోంటి ఎడ్డోడు కోరుట్లల ఇంకొకడు లేడు."

చెప్పి హాయిగా ఊపిరి వదిలాడు. మాట బయటికి పోయింది, ఎవరికీ అందలేదు. ఇంతకన్నా సుఖమేముంటుంది?

దమయంతి యంత్రం కేసి చూడటం మర్చిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మూలన దేవవ్వ చేతిలో కండె ఆగింది. రాజేశం తెగని పోగును అతుకుతున్నట్టు వంగిపోయాడు. కార్తికేయ ఇదంతా చూశాడు, షెడ్డులో ఉక్కపోత అనుకున్నాడు.

* * *

అక్కడి నుంచి అన్నీ తలకిందులయ్యాయి.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ దేవవ్వ మొదలుపెట్టింది.

"మీ నాయిన ఏం జేస్తడు బిడ్డా?"

"విత్తనాల దుకాణం, అవ్వా."

"అన్నదమ్ములెందరు? మీ అవ్వ మంచిదేనా, గయ్యాళిదా? తాగుతవా? ఎప్పుడన్న తాగుతవా, ఎప్పుడూ తాగుతవా?"

ఇన్నాళ్లూ తను అందరినీ అడిగిన ప్రశ్నలు ఇప్పుడు తన మీదికే మళ్లాయి. మర్నాడు రాజేశం, "సార్, మీ సదువుకు నౌకరి ఎప్పుడస్తది?" అన్నాడు. తన చాయ్‌తో పాటు కార్తికేయకూ ఒకటి ఇప్పించాడు.

దమయంతి మాత్రం మొహం తిప్పేసుకుంది. ఎదురుపడితే ఒకటే ప్రశ్న.

"ఏమన్న చెప్పేదున్నదా?"

"ఏం లే."

గ్లాసు టక్కున పెట్టి వెళ్లిపోయింది. రెండో రోజూ అదే. "ఏమన్న చెప్పేదున్నదా?" "లేదు గదా." ఆమె కళ్లలో నీళ్లో, కోపమో అర్థం కాలేదు.

కార్తికేయ తెల్లవార్లూ ఆలోచించి ఒక తీర్మానానికొచ్చాడు. ఉద్యమం రోజులు. ఊరికి కొత్తవాడు, అందరినీ ప్రశ్నలడుగుతాడు. తనను ఇన్‌ఫార్మర్ అనుకుంటున్నారు! పొద్దున్నే పోయి రాజేశం ముందు యూనివర్సిటీ కార్డు పెట్టాడు.

"సూడున్రి. నేను కోరుట్ల ధర్నాల గూడ కూసున్న. పోలీసులు తీస్కపోయి సాయంత్రం ఇడిచిపెట్టిన్రు."

రాజేశం కార్డు కేసి, మనిషి కేసి మార్చి మార్చి చూశాడు. "మంచిదే సార్. గదిప్పుడు ఎందుకు?"

ఈలోగా బొగ్గు కార్మికులు పనిలోకి దిగారు. కరెంటు నిలకడగా ఉంటోంది. సాంచెలు ఆగడం లేదు. పని లేకపోయినా కార్తికేయ వచ్చి, మొదటిసారి తలుపు దగ్గర నిలబడి నడుస్తున్న షెడ్డును చూస్తూ ఉండిపోయాడు.

దేవవ్వ కండెల గంప దించి రాజేశం వైపు తిరిగింది. ఆమె పెదాలు చకచకా కదిలాయి, చెయ్యి గాలిలో తిరిగింది. రాజేశం పెదాలతోనే ఏదో అన్నాడు. ఆ చివరి సాంచె దగ్గరున్న మనిషి పగలబడి నవ్వాడు.

సాంచెలు బాగుచేసే సలావుద్దీన్ పాన చేతబట్టి బయటికొస్తుంటే కార్తికేయ ఆపాడు.

"భాయ్, వాళ్లేం జేస్తున్నరు?"

"మాట్లాడుకుంటున్నరు."

"ఈ మోతల ఇనవడుతదా?"

"ఇక్కడ చెవులతోని ఎవలింటరు సార్? మూతి జూసి ఇంటరు. దేవవ్వ ఇప్పుడు రాజేశాన్ని పిసినారోడా అన్నది."

"ఆయనేమనడా?"

"ఎందుకంటడు? సాంచెల సప్పుడుల అన్న మాట లెక్కల రాదు. గది ఇక్కడి కట్టు. సేటును తిట్టినా, మొగన్ని తిట్టినా, సప్పుడు ఆగినంక అన్నోని ముంగట ఎవ్వలు ఎత్తొద్దు. అన్నోడే సప్పుడు లేనప్పుడు మళ్ల అంటె, గప్పుడది మాట." సలావుద్దీన్ గడ్డం గోక్కున్నాడు. "మొన్న నువ్వన్నది గూడ గంతే."

"నువ్వు... చూసినవా?"

"అరె, నేను యాడున్న? నాకు చాయ్ హోటల్ల చెప్పిన్రు. ఎనుక ముచ్చట వెట్టుకోవద్దని కట్టు లేదు గదా."

కార్తికేయ అక్కడే కూలబడ్డాడు. ఈ షెడ్డు మీద అంత పరిశోధన చేసి, ఆగినప్పుడు తప్ప దాన్ని ఎన్నడూ నిదానంగా చూడలేదు. మొత్తం ఊరికి చెప్పి, "ఏం లే, ఏం లే" అంటూ తిరిగాడు. ఆమె రోజూ వచ్చి అడిగింది. రోజూ అతను కాదన్నాడు.

బయట నీళ్ల కుండ దగ్గర దమయంతి కనపడగానే ఉరికాడు.

"దమయంతీ, నేను ఆ రోజు..."

"ఇక్కడ చెప్పకు." ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కడ మా బాపు జూసిండు, అందరు జూసిన్రు. నువ్వు సాటుకు చెప్పి, నేను సాటుకు ఇంటె, నేను వాళ్ల ముంగట దొంగనైత. అక్కడ్నే చెప్పు. సాంచెలు ఆగినంక."

"ఎప్పుడాగుతయ్?"

"నన్నడుగుతవేంది? కరెంటు పోతె ఉరికచ్చేది నువ్వు గదా. ఎల్లుండి నేను పోతున్న."

ఆ పూటా, మర్నాడూ కార్తికేయ షెడ్డులో గోడకానుకుని బల్బు కేసి చూస్తూ నిలబడ్డాడు. నెల్లాళ్లు చీటికీ మాటికీ పోయిన కరెంటు ఇప్పుడు రెప్ప కూడా వేయడం లేదు. మెల్లగా అందరూ బల్బు కేసి చూడసాగారు. దేవవ్వ పైకి చేతులు జోడించింది. సలావుద్దీన్ రిపేరు లేకపోయినా వచ్చి కూర్చున్నాడు. దమయంతి యంత్రం సంచిలో సర్దుకుంటోంది. అదే ఆమె చివరి రీడింగు.

రాజేశం అందరినీ ఒకసారి చూశాడు. ఎవరి చావుకో తప్ప ఆయన ఎన్నడూ తన చేత్తో సాంచెలాపి ఎరగడు. తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. గోడ దగ్గరికి నడిచాడు. మెయిను కిందికి లాగాడు.

ఎనిమిది సాంచెలూ ఆగాయి.

అంత నిశ్శబ్దంలో కార్తికేయ గోడ వదిలి ముందుకొచ్చాడు.

"ఆ రోజు అన్నది... నిజమే. మళ్ల అంటున్న."

"అన్ని అనాలె బిడ్డా," అంది దేవవ్వ. "గింతనే అంటె ఎట్ల?"

"నువ్వంటె నాకు పాణం, దమయంతీ. నిన్ను చేసుకుంట. నువ్వు హైదరాబాద్‌ల సదువుకో, నేను ఆగుత. మా అమ్మానాయినలను తీస్కస్త." రాజేశం వైపు తిరిగి, తడబడి, "మీరు... మీరొప్పుకుంటె."

రాజేశం బిడ్డను చూశాడు. "ఏమంటవ్ బిడ్డా? నేను ఆపినోన్నే గని, చెప్పేదానివి నువ్వు."

దమయంతి తల దించలేదు. "సరే" అంది, గట్టిగా, అందరికీ వినపడేటట్టు.

అని, తనే వెళ్లి మెయిను పైకెత్తింది. షెడ్డు మళ్లీ ఊగింది. ఆమె వచ్చి అతని ఎదురుగా నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆపకుండా, చేతులు తిప్పుతూ, ఒకసారి వేలు చూపి, ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకుని. సలావుద్దీన్ తొడ చరుచుకున్నాడు. దేవవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. రాజేశం అటు తిరిగి గోడతో నవ్వుకున్నాడు.

కార్తికేయకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమన్నవ్? ఏమన్నది?" అని అరిచాడు. అతని అరుపు ఎవరి చెవికీ అందలేదు. అతని మూతి మాత్రం అందరూ చదివారు. ఒక్కరూ చెప్పలేదు.

దమయంతి అతని గడ్డం పట్టి మొహం తన వైపు తిప్పుకుంది. ఈసారి మొదటి నుంచి, నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి చెప్పింది. అతను రెప్ప వేయకుండా ఆ పెదాలను చూశాడు. అన్ని మాటల్లో ఒక్కటి దొరికింది.

అది అతని పేరు.