శాంతయ్య దుకాణంల గొంతు

వనపర్తిల ఒక సందు మొగదాల పాత దుకాణం ఉంది. శాంతి ఎలక్ట్రానిక్స్ అని బోర్డు. అండ్ల సగం అక్షరాలు ఎప్పుడో రాలిపోయినయ్. పొద్దంత దాని ముంగట ఆటోలు ఆపుకుంటరు, మిర్చీలు తింటరు, పోరగాండ్లు బండ్లు పెట్టుకొని ముచ్చట్లు పెడ్తరు. పొద్దుగూకి దీపం పెట్టే యాళ్ల అయిందంటే మాత్రం... కుక్క సుత అటు దిక్కు నడవదు.

ఎందుకంటరా? లోపల్నుంచి మాట వస్తది.

"రా బిడ్డా... సూడు... సూస్తందుకు పైసలడుగుతమా..."

మెల్లగ వస్తది. మూసిన షట్టర్ ఎనకాల్నుంచి.

ఆ గొంతు శాంతయ్యది. ఊర్ల అందరికి ఎరుకే. కాని శాంతయ్యకు మాట పడిపోయి ఏడాది దాటింది. పక్షవాతమొచ్చి ఒక దిక్కు చెయ్యి, కాలు పోయినయ్. నోట్లెకెల్లి ఒక్క మాట రాదు. బతికే ఉన్నడు, ఇంట్ల మంచంల. చచ్చినోడు దెయ్యమైతే అదొక లెక్క. బతికున్నోని గొంతు దెయ్యమైతే ఏ మంత్రమేస్తరు, ఎవన్ని పిలుస్తరు? అందుకే జనం ఏం చెయ్యలే, ఆ సందుల నడుచుడే బంద్ చేసిన్రు.

నేను చెప్పేది నేను చూసింది కాదుల్లా. పార్సిళ్ల రాఘవేందర్ చెప్తే విన్నది. వాడు అబద్ధాలాడే మనిషైతే గాదు. చెప్పుకుంట చెప్పుకుంట చేతిల చాయ్ చల్లార్చుకున్నడు.

ముందుగాల ఆ దుకాణం సంగతి ఇనున్రి. ఒకప్పుడు దాని దర్జానే వేరు. క్రికెట్ మ్యాచ్ ఉన్ననాడు అద్దాల ముంగట రోడ్డు బంద్ అయితుండె. పెండ్లిళ్ల సీజన్ వస్తే పెద్దమందడి దిక్కు నుంచి ట్రాక్టర్లేసుకొని వచ్చి టీవీలు, కూలర్లు తీస్కపోతుండిరి. టేప్ రికార్డర్ అమ్మాల్నంటే శాంతయ్యదొక పద్ధతి. గిరాకి నోటి ముంగట పెట్టి "ఏదన్న మాట్లాడు బిడ్డా" అంటుండె. మాట్లాడినంక తిప్పి వినిపిస్తుండె. సొంత గొంతు విని ముసలోళ్లు సుత సిగ్గుపడి నవ్వుకుంట కొనుక్కపోతుండిరి.

తర్వాత అందరి చేతులకు ఫోన్లొచ్చినయ్. జనం దుకాణానికి రాకుంట పోలే. వచ్చిన్రు. వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి మూసి, టీవీ సౌండు పెంచి తగ్గిచ్చి, శాంతయ్య తెప్పిచ్చిన చాయ్ తాగి, మోడల్ నంబరున్న స్టిక్కర్ ఫోటో తీస్కొని పోయిన్రు. ఇంటికి పోయి అదే సామాను ఫోన్ల బుక్ చేసిన్రు. ఆయనకు తెల్వదా? తెలుసు. అయినా వచ్చినోళ్లందరికి అదే మాట. సూడు బిడ్డా, సూస్తందుకు పైసలడుగుతమా.

ఒకనాడు గట్లనే ఒక గిరాకికి ఫ్రిజ్ గురించి చెప్తనే ఉన్నడంట... నడుమల మాట ఆగింది. ఆ గిరాకి తలకాయ ఎత్తలే, ఫోటో తీస్తుండు. తీసుడయినంక చూస్తే శాంతయ్య కింద పడి ఉన్నడు. దాంతోని దుకాణం మూతబడ్డది. అమ్ముడుపోని సామానంత లోపల్నే ఉండిపోయింది. కొన్నాళ్లకు ఈ గొంతు మొదలైంది.

ఇగ రాఘవేందర్ సంగతి. ఫోన్ల బుక్ చేసుకున్న సామాన్లు ఇంటింటికి ఇచ్చే పని వానిది. ఈపుకు పెద్ద సంచి తగిలిచ్చుకొని బండి మీద ఊరంత తిరుగుతడు. పెండ్లాం ప్రణీతకు అప్పుడు నెలలు నిండినయ్. ముందొకసారి కడుపు నిలువలే, పాపం. అందుకే ఈసారి ఇంటిల్లిపాదికి గుండెల్ల గుబులు. ఆ దినం పొద్దుగాల నొప్పులు మొదలైతే అత్త పార్వతమ్మ ఆమెను దవాఖానకు తోల్కపోయింది. "ఇంగా టైముందంట, నువ్వు పని చూస్కొని రా" అని ప్రణీతనే పంపిచ్చింది వీన్ని.

పార్సిళ్లన్ని అయిపోయినయ్. ఒక్కటి మిగిలింది. అరచెయ్యంత కవర్. లోపల ఏమన్న ఉందా లేదా అన్నట్టు తేలిగ్గ ఉంది. పేరు కిష్టమ్మ. అడ్రస్ చూసిండు. శాంతి ఎలక్ట్రానిక్స్.

మూతబడ్డ దుకాణానికి పార్సిల్ ఏంది?

మొగులు పట్టి ఉంది. సన్నగ చినుకులు పడుతున్నయ్. సందు సందంత ఖాళీ. దవాఖాన తొవ్వల్నే ఉంది గద, ఇచ్చి పోత అనుకొని బండి ఆపిండు. చూస్తే షట్టర్ సగం లేచి ఉంది. కిందికి పడకుండ ఒక కట్టె ఆనిచ్చి ఉంది.

"కిష్టమ్మా... పార్సిల్!"

ఇంగోసారి పిలిచిండు.

వంగి లోపలికి తొంగి చూసిండు. చీకటి. ఇంగో అడుగేసిండు. ఈపు మీది సంచి కట్టెకు తగిలింది...

దడేల్‌మని షట్టర్ కిందికి పడ్డది. బయట గొళ్లెం పడ్డ సప్పుడు సుత ఇనొచ్చింది.

వాడు తిరిగి రెండు చేతులు పెట్టి ఎత్తిండు. లేవలే. భుజమేసి నూకిండు. లేవలే. కింద సందుల వేళ్లు దూర్చి గుంజితే గోరు లేచిపోయింది గని షట్టర్ ఇంచు కదల్లే.

గప్పుడే ఫోన్ మోగింది. పార్వతమ్మ.

"యాడున్నవ్ నాయనా? బిడ్డ గుండె సక్కగ కొట్టుకుంటలేదంట. ఆపరేషన్ అంటున్నరు. నువ్వొచ్చి సంతకం పెట్టాలెనంట. జల్ది రా!"

"అత్తా, నేను గీడ... శాంతయ్య దుకా..."

ఫోన్ల చార్జింగ్ అడుగంటింది. మాట అటు పోయిందో లేదో తెల్వదు. లైను కట్ అయింది.

అక్కడ పెండ్లాం బల్ల మీద, ఇక్కడ వీడు ఇనుప రేకు ఎనుక. రెండు పిడికిళ్లతోని షట్టర్ బాదిండు.

"ఎవలన్న ఉన్నరా? తియ్యిన్రి! జర తియ్యిన్రి!"

బయట ఎవరో పోతున్నరు. చెప్పుల సప్పుడు ఆగింది. వానికి పానం లేచొచ్చినట్టయింది.

"అన్నా! గొళ్లెం పడ్డది, తియ్యే! నేను రాఘవేందర్‌ని, పార్సిల్ పిలగాన్ని!"

బయట ఒక ఆడామె గొంతు, వణుక్కుంట... "ఓయమ్మ! ఇయ్యాల పేరు పెట్టి సుత మాట్లాడుతుందే!"

"పార్సిల్ పిలగాన్ని మింగినట్టుంది... బండి గీడనే ఉంది సూడు... ఉర్కు, ఉర్కు!" అన్నడు ఇంగొకడు.

చెప్పులు టపటప ఉర్కినయ్. వాడు ఎంత అరిస్తే వాళ్లంత జోరుగ ఉర్కిన్రు. చూసిన్రా, ఎంత బుద్ధిమంతులున్నరో మా ఊర్ల! దెయ్యాన్ని ఇన్న చెవులకు మనిషి అరుపు ఆనలే.

ఫోన్ల చివరి ఎలుతురుంది. దాన్ని పట్టుకొని ఇంగో తొవ్వ ఉందేమోనని చూసిండు. ఎనక గోడ పొడుగూత అట్టపెట్టెలు. పక్కకు ఫ్యాన్లు, దుమ్ముపట్టిన కూలర్లు. గోడ మీద టీవీలు వరుసగ, నల్లగ. వాడు ఎటు తిరిగితే ఆ నల్లటి అద్దాలల్ల వాని మొకమే అటు తిరుగుతుంది.

ఒక అద్దంల మాత్రం... వాని మొకం ఎనుక ఇంగో మొకం ఉంది.

కుర్చీల కూసొని ఉంది. తలకు రుమాలు. నోరు ఒక దిక్కు వంకర పోయింది. కండ్లు వీని మీదనే ఉన్నయ్.

ఫోన్ ఆరిపోయింది.

కటిక చీకటి. ఊపిరి సప్పుడు ఇనొస్తుంది, వానిది గాదు.

"టక్" మన్నది ఏదో.

"రా బిడ్డా..." అన్నది గొంతు. "నిమ్మలంగ సూడు. ఏం తొందరుంది... ఇది నీ దుకాణమే అనుకో..."

ఈ మాటలు వానికి కొత్త గాదు. పెండ్లయిన కొత్తల ప్రణీతను తీస్కొని ఇదే దుకాణానికొచ్చిండు. గీడనే కుర్చీల ఆమెను కూసోబెట్టి శాంతయ్య ఫ్రిజ్‌లన్ని తలుపులు తీసి చూపిచ్చిండు. వీడు స్టిక్కర్ ఫోటో తీస్కొని, మల్లొస్తమని పోయి, ఫోన్ల బుక్ చేసిండు. ఊరంత చేసిన పనే. కాని ఇప్పుడు ఊరంత బయట ఉంది, వీడొక్కడు లోపల ఉన్నడు.

"టక్."

"కూసో బిడ్డా... చాయ్ చెప్త... పోదువు గని..."

"తాతా!" వాడు షట్టర్‌కు ఈపు ఆనిచ్చి చేతులు జోడిచ్చిండు, చీకట్లనే. "తప్పయింది తాతా. నీ కాళ్లు మొక్కుత. నా పెండ్లాం దవాఖానల ఉంది. ముందుగాలొకటి పోయింది. ఇది గిన పోతే అది బతకది తాతా. నన్ను వదులు."

బయట చినుకులు రేకు మీద పడుతున్నయ్. వాడు ఏడుస్తుండు. సిగ్గు లేకుంట, పసిపోరని తీరుగ.

"టక్."

ఈసారి గొంతు దగ్గర్నుంచి వచ్చింది. చెవు పక్కనే.

"పరేషాన్ గాకు బిడ్డా... ఆడపిల్ల... ఇద్దరు మంచిగున్నరు... నిమ్మలంగ పో..."

గంతే. వాడు కండ్లు గట్టిగ మూసుకున్నడు.

ఎంతసేపు గట్ల ఉన్నడో వానికే తెల్వదు. గొళ్లెం గుంజిన సప్పుడైంది. షట్టర్ కరకరమని లేచింది. టార్చిలైటు మొకం మీద పడ్డది.

"అయ్యో, ఎవలు బిడ్డా నువ్వు? ఈ కట్టె ఎవడు పడగొట్టిండు?"

ఒక ముసలామె. చేతిల చాయ్ గ్లాసు. ఆమెనే కిష్టమ్మ, శాంతయ్య పెండ్లాం. టార్చి లోపలికి తిప్పింది. కుర్చీల శాంతయ్య కూసొని ఉన్నడు. బక్కచిక్కి, మెడ ఒక దిక్కు వాలి... దెయ్యం గాదు, మనిషే. ఒళ్లె పాత టేప్ రికార్డర్. దాని బొత్తం మీద వేలు.

"పొద్దంత మంచంల ఏడుస్తడు బిడ్డా. దుకాణం చూపిస్తే నిమ్మలపడ్తడు. అందుకే ఈ యాళ్లకు కుర్చీ బండి మీద నూక్కుంట తెస్త. ఈ సందుల ఎవ్వలుండరు గద, మమ్ముల చూసి జాలి పడెటోళ్లు. రోజు షట్టర్ దించి చాయ్ కోసం ఇంటికి పోత, ఇయ్యాల కట్టె ఆనిచ్చి పోయిన, వచ్చేలోపట గిట్లయింది."

రాఘవేందర్ టేప్ దిక్కు చూసిండు. బొత్తం మీది వేలు చూసిండు. ఓహో! గిదా సంగతి! ముసలాయన తన పాత గొంతే పెట్టుకొని వింటున్నడు. ఊరంత దాన్ని దెయ్యమని ఉర్కుతుంది. ఆడపిల్ల అని ఇనొచ్చింది మాత్రం... భయంల చెవులు చేసిన పని అనుకున్నడు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండిట్ల ఏది ముందో చూసుకునే టైము లేదు. కిష్టమ్మకు దండం పెట్టి బండి ఎక్కి ఒక్కటే ఉరుకు. పార్సిల్ సంచిల్నే ఉండిపోయింది.

దవాఖాన మెట్ల కాడ పార్వతమ్మ ఎదురొచ్చింది.

"నువ్వొచ్చేదాక ఎట్లుంటరు? నేనే ఏలిముద్ర ఏసిన. తల్లి, బిడ్డ మంచిగున్నరు పో." కొంగుతోని కండ్లు తుడుసుకుంది. "ఆడపిల్ల."

రాఘవేందర్ మెట్ల మీదనే కూలబడ్డడు. సంతోషంతోని కూలబడ్డడనే అనుకున్నది పార్వతమ్మ.

మర్నాడు మిఠాయి డబ్బ, ఆ పార్సిల్ తీస్కొని శాంతయ్య ఇంటికి పోయిండు. పట్టపగలు. వాకిట్ల ఎండ పడుతుంది. శాంతయ్య కుర్చీల ఉన్నడు, ఒళ్లె టేప్ ఉంది. కిష్టమ్మ కవర్ చింపింది. లోపల్నుంచి సన్నటి నల్ల రబ్బరు చుట్ట ఒకటి బయటికొచ్చింది.

"ఏందమ్మా ఇది?"

"టేప్ తిప్పే బెల్టు బిడ్డా. ఈయనకు మాట పడిపోయిన నెలల్నే ఇది సుత తెగింది. వనపర్తి తిరిగిన, గద్వాల పోయిన, నాగర్‌కర్నూల్ పోయిన. గిసొంటివి అమ్మే దుకాణాలే లేకపాయె, ఎవలిస్తరు? ఆఖరికి పక్కింటి పిల్లతోని, అందరికి ఎరుకైన దుకాణం అడ్రస్సే పెట్టిచ్చి ఫోన్ల తెప్పిచ్చిన. మాట ఉన్ననాడైతే నా మొగడు ఎంత రోషపడునో."

రాఘవేందర్ చేతిల మిఠాయి డబ్బ బరువెక్కింది.

"అంటే... ఇది పాడుతలేదా అమ్మా? రాత్రి..."

"యాడ పాడ్తది? ఏడాది సంది మూగదే. చక్రమే తిరగదు. పిచ్చి మనిషి, ఉత్తగనే ఆ బొత్తం ఒత్తుకుంట కూసుంటడు." కిష్టమ్మ బెల్టును ఎలుతురుకు పెట్టి చూసుకుంట నవ్వింది. "అది గాదు గని బిడ్డా, మిఠాయి తెచ్చినవ్, ఏం పుట్టింది? పిలగాడా, పిల్లనా?"

రాఘవేందర్ నోరు తెరిచిండు. మాట ఇంగా బయటికి రాలే.

"టక్" మన్నది బొత్తం.

"ఆడపిల్ల..." అన్నది గొంతు. "ఇద్దరు మంచిగున్నరు..."

శాంతయ్య పెదవులు కదల్లే. టేప్ చక్రం తిరగలే. బెల్టు కిష్టమ్మ చేతుల్నే ఉంది.